మనిషి లండన్‌లో, ఖాతా ఇంకెవరిదో: ఆన్‌లైన్ ప్రేమ మోసాన్ని పట్టుకునే తీరు

దాళ్వా ధాన్యం డబ్బు పడే రోజులు, రొయ్యల పట్టుబడి అయిన వారం, గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే తారీఖు మీకెంత గుర్తో, ఫేస్‌బుక్‌లోనో పెళ్లిసంబంధాల యాప్‌లోనో పరిచయమైన ‘ఆత్మీయుడి’కీ అంతే గుర్తు. ఎందుకంటే మొదటి పదిరోజుల్లో మీరే చెప్పి ఉంటారు. “చెరువు ఎన్నెకరాలు? పట్టుబడి ఎప్పుడు? ఇంట్లో ఎవరెవరుంటారు?” అని అడిగేది ముచ్చటకి కాదు, లెక్కకి.

ముందు ఫొటో చూడండి. ప్రొఫైల్‌ని స్క్రీన్‌షాట్ తీసి, మొహం వరకు కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే మొహం వేరే పేరుతో కనిపిస్తే ఇక మాటలక్కర్లేదు. కనపడకపోతే మాత్రం మంచివాడని కాదు, కంప్యూటర్ తయారుచేసిన మొహాలు వెతికినా దొరకవు. వీడియో కాల్‌నీ పూర్తిగా నమ్మడానికి లేదు, ఇప్పుడు కాల్‌లోనే మొహాలు మార్చేస్తున్నారు. చెయ్యి మొహం ముందు నుంచి అడ్డంగా కదపమనండి, పక్కకి తిరగమనండి. బొమ్మ చెదిరితే మోసమే. చెదరకపోయినా ధైర్యం చెప్పుకోవద్దు. మన వైపు ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకోటుంది. “మాది రాజోలు దగ్గర, దోహాలో ఇంజినీరుని” అన్నవాణ్ని ఇంటిపేరు, వీధి, తండ్రి పేరు అడగండి. కోనసీమలో రెండు ఫోన్లు చేస్తే మనిషి తేలిపోతాడు. ఆ ప్రశ్నకి అలిగితే అలగనివ్వండి.

అసలు గుట్టు బయటపడేది డబ్బు దగ్గర. లండన్ డాక్టరుగారు నగలూ ఐఫోనూ పెట్టి పార్సిల్ పంపానంటాడు. రెండు రోజులకి ‘ఢిల్లీ కస్టమ్స్’ నుంచి ఫోన్: ముప్పై ఎనిమిది వేలు కట్టండి. కడితే, పార్సిల్‌లో పౌండ్లు దొరికాయి, సర్టిఫికెట్‌కి ఇంకో లక్షా ఇరవై వేలు, లేకపోతే కేసు. యూపీఐలో నంబరు కొట్టగానే, పిన్ అడిగేముందు, తెరమీద ఒక పేరు వస్తుంది. అక్కడ ఆగి చదవండి. కస్టమ్స్ శాఖ పేరు ఉండదు, ముక్కూ మొహం తెలియని మనిషి పేరుంటుంది. అది కమీషన్‌కి అద్దెకిచ్చిన ఖాతా. కస్టమ్స్ సుంకం ఎవరి సొంత ఖాతాలోకీ కట్టించుకోరు. ఆ శాఖ పంపే ఉత్తరం మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

ఇంకో దారి ట్రేడింగ్ యాప్. ప్రేమగా నేర్పిస్తారు, మొదట అయిదు వేలు లాభం వెనక్కి తీసుకోనిస్తారు. ఆ అయిదు వేలే ఎర. పెద్ద మొత్తం పెట్టాక, తీసుకోవాలంటే ముందు పన్ను కట్టాలంటారు. నిజమైన చోట పన్ను కోసుకుంటే మీకొచ్చే సొమ్ములోంచే కోస్తారు, విడిగా పంపమనరు. “మీ ఖాతాలో డబ్బు వేస్తాను, ఫలానావాళ్లకి పంపు” అన్నా ఒప్పుకోవద్దు. అది ఇంకో బాధితుడి డబ్బు, ఖాతా ఆగిపోయేది మీది.

నగ్నంగా వీడియో కాల్ చేయించి రికార్డు చేసి బెదిరిస్తే పైసా ఇవ్వకండి. ఇచ్చినవాళ్లనే మళ్లీ అడుగుతారు. తర్వాత ‘పోలీసు’నని ఫోన్ చేసి, వీడియోని నెట్‌లోంచి తొలగించడానికి ఫీజు అడిగేదీ అదే ముఠా. స్నేహితుల జాబితా దాచేయండి, ఫిర్యాదు చేయండి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ వాడుకోవచ్చు. వీడియో మీ ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి వెళ్తుంది, దాన్ని పట్టి ఆ వీడియోని అక్కడ ఆపుతారు.

డబ్బు వెళ్లిపోయిందా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, రాత్రయినా సరే. మీ డబ్బు ఒక ఖాతాలో నిలవదు, గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారుతుంది. అది ఎక్కడున్నా అక్కడే ఆపించడమే ఆ ఫోన్ పని. చేతిలో ఉంచుకోవాల్సినవి: పంపిన సమయం, మొత్తం, మీ బ్యాంకు పేరు, అవతలి ఖాతా లేదా యూపీఐ ఐడీ, యూటీఆర్ అనే లావాదేవీ సంఖ్య (యూపీఐలో అయితే పన్నెండంకెలు). తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తిచేసి, ఆ రసీదు సంఖ్యతో బ్యాంకు బ్రాంచిలో కాగితం ఇవ్వండి. పోలీస్ స్టేషన్లో “మా పరిధి కాదు” అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా రాసుకునే కేసు) అడగండి, అది చట్టంలో ఉంది.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. కోపంతోనో సిగ్గుతోనో చాట్ మొత్తం చెరిపేస్తారు. ఉన్న ఆధారం అదే. వాట్సాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి దాచండి, ప్రొఫైల్ లింకు రాసుకోండి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి.

ఇంట్లో అక్కయ్యో బాబాయో మోసపోయారని తెలిస్తే తిట్లు వారం తర్వాత తిట్టుకోవచ్చు. తిడతారన్న భయంతోనే 1930కి చేయాల్సిన ఫోన్ మూడు రోజులు ఆలస్యమవుతుంది. కొన్ని నెలలకి ఇంకో ఫోన్ రావచ్చు: “మీ డబ్బు దొరికింది, వకీలు ఫీజు పదివేలు పంపండి” అని. పోగొట్టుకున్నవాళ్ల నంబర్లు ఆ ముఠా దగ్గరే ఉంటాయి. ఆ నంబరునీ అదే ఫిర్యాదులో చేర్పించండి.