పిక్క కండరం రికవరీ టైమ్ మరీ ఎక్కువ వస్తోందా?

ఫాస్ఫరస్ స్పెక్ట్రోస్కోపీ (ఎంఆర్ యంత్రంలో కండరంలోని ఫాస్ఫరస్ పదార్థాలను కొలిచే పరీక్ష) చేశారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడే. వ్యాయామం ఆపాక పిక్కలో ఫాస్ఫోక్రియాటిన్ (కండరం వెంటనే వాడుకునే శక్తి నిల్వ) కోలుకునే టైమ్ కాన్‌స్టెంట్, అంటే ఎంత త్వరగా తిరిగి నిండుతుందో చెప్పే అంకె, 30 సెకన్ల దగ్గర్లో ఉండాల్సింది 60 దాటింది. అప్పుడే మైటోకాండ్రియా (ఆ నిల్వను తిరిగి నింపే శక్తి తయారుచేసే కణభాగాలు) బలహీనమని రాసేయకండి.

ముందు స్పెక్ట్రమ్‌లో ఏటీపీ (కణం నేరుగా ఖర్చుపెట్టే శక్తి అణువు) పీకులు చూడండి. ఈ ఒక్క పని అందరూ ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. ఈ పాటి వ్యాయామానికి ఏటీపీ పెద్దగా తగ్గదు. అది కూడా ఫాస్ఫోక్రియాటిన్‌తో పాటు పడిపోయిందంటే కాయిల్ (సిగ్నల్ అందుకునే తీగచుట్ట) మీద నుంచి కాలు జరిగినట్టే. కాలు సరిగ్గా కట్టి మళ్లీ కొలవాల్సిందే. తొడ మీద బెల్టు కూడా చూడండి. మరీ బిగిస్తే రక్తం ఆగుతుంది, ఆక్సిజన్ అందకపోతే ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి పెరగదు.

ఈ రెండూ బాగుంటే అసలు దొంగ పీహెచ్, అంటే కండరంలోని ఆమ్లత (అంకె తగ్గితే ఆమ్లత పెరిగినట్టు). కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరని విజయనగరం జిల్లాలో అందరికీ తెలుసు. ఆ వైపు నుంచి వచ్చిన ఒక లిఫ్టర్‌కు టైమ్ దాదాపు రెట్టింపు వచ్చింది. వ్యాయామం మొత్తానికి సగటు తీస్తే పీహెచ్ 7.0 ఉంది, సరేననుకున్నాను. నన్ను ముంచింది ఆ సగటే. వ్యాయామం మొదట్లో ఫాస్ఫోక్రియాటిన్ విరుగుతూ ప్రోటాన్లను వాడేసుకుంటుంది, పీహెచ్ కొంచెం పెరుగుతుంది. తర్వాత గ్లైకోలిసిస్ (ఆక్సిజన్ లేకుండా చక్కెరను విరిచి శక్తి తీయడం) జోరందుకుని కిందికి లాగుతుంది. రెండూ కలిపేస్తే ఏమీ జరగనట్టే కనబడుతుంది. పైగా వ్యాయామం ఆపిన వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి తయారవుతూ ప్రోటాన్లను వదులుతుంది కాబట్టి పీహెచ్ ఇంకాస్త దిగుతుంది. ఆమ్లత పెరిగితే క్రియాటిన్ కైనేజ్ (ఫాస్ఫోక్రియాటిన్‌ను విరిచే, తిరిగి తయారుచేసే ఎంజైమ్) సమతుల్యం మారి రికవరీ నెమ్మదిస్తుంది. మైటోకాండ్రియా బాగున్నా అంతే. ఆ అబ్బాయికి లేని జబ్బు అంటగట్టబోయానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే వ్యాయామంలో చివరి స్పెక్ట్రమ్‌ను, రికవరీలో మొదటి కొన్నింటిని విడివిడిగా చూడండి. ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఇనార్గానిక్ ఫాస్ఫేట్ పీకు దూరం 4.9 పీపీఎం (స్పెక్ట్రమ్‌లో పీకుల దూరాన్ని కొలిచే ప్రమాణం) ఉంటే పీహెచ్ సుమారు 7.05. 4.5కి వచ్చిందంటే 6.75 దాకా దిగినట్టు. ఆ పీకు రెండుగా చీలితే కొన్ని ఫైబర్లే ఆమ్లంలో ఉన్నాయని అర్థం, రెండింటినీ వేరువేరుగా ఫిట్ చేయాలి.

పరిష్కారం వ్యాయామంలో పెట్టే బరువు తగ్గించడమే. ఫాస్ఫోక్రియాటిన్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గితే చాలు, పీహెచ్ 6.8 కిందికి పోకూడదు. పలాస నుంచో టెక్కలి నుంచో వచ్చిన మనిషిని మళ్లీ రమ్మనలేకపోతే, ఆ టైమ్‌ను ఎవరితోనూ పోల్చకండి. రికవరీ మొదటి వేగాన్ని తీసుకోండి, దానిపై పీహెచ్ ప్రభావం తక్కువ.

టీఆర్ (ఒక కొలతకీ తర్వాతి కొలతకీ మధ్య వ్యవధి) మధ్యలో మారడం, కాలు చల్లబడడం లాంటివి అరుదు. అన్నీ చూశాక చూసుకోవచ్చు.