కవరు మీద చిరునామా: పోస్టాఫీసు దాన్ని ఎలా చదువుతుంది?

ఆ మధ్య మా ఇంట్లో జరిగిన పెళ్లికి పత్రికలు పోస్టు చేసే పని నా మీద పడింది. మూలలకు పసుపు అద్దిన కవర్లను చాప మీద పరుచుకొని, పాత నోటుబుక్కులో ఉన్న చిరునామాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించుకుంటూ పోయాను. పెళ్లయిన తరువాత కొన్ని పత్రికలు తిరిగి వచ్చాయి. ఒకదాని మీద నేను ‘కొత్తపల్లె, చిత్తూరు జిల్లా’ అని మాత్రమే రాశాను; ఆ పేరుతో ఊళ్లు ఎన్ని ఉంటాయో చిత్తూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. తప్పు పూర్తిగా నాదే.

చిరునామాను మనం పేరుతో మొదలుపెట్టి కిందికి రాసుకుంటూ వస్తాము గాని, తపాలా శాఖ దాన్ని కింది నుంచి పైకి చదువుతుంది. ఉత్తరాలను వేరుచేసే చోట ముందుగా చూసేది చివరి వరుసలోని పిన్ కోడును. ఆ తరువాత పోస్టాఫీసు పేరును. బట్వాడా పోస్టాఫీసుకు చేరాక వీధినీ, డోరు నంబరునూ. చిట్టచివరకు గుమ్మం ముందు నిలబడిన పోస్టుమ్యాన్ చదివేది పేరును. అందువల్ల ‘మహారాజశ్రీ’ నుంచి ‘గారికి’ వరకు ఎంత మర్యాదగా రాసినా, ఆఖరి రెండు వరుసలు తప్పితే ఆ మర్యాదను చదివేవారే ఉండరు.

పిన్ కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరు అంకెల్లో మొదటిదైన 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు చెందినది. మొదటి మూడు అంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే ప్రాంతాన్ని, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును సూచిస్తాయి. తిరుపతి హెడ్ పోస్టాఫీసుది 517501, చిత్తూరు హెడ్ పోస్టాఫీసుది 517001. ఈ రెండింటికీ తేడా ఒక్క అంకె మాత్రమే. అక్కడ 5కు బదులు సున్నా పడితే తిరుపతి ఉత్తరం డెబ్బై కిలోమీటర్ల దూరంలోని చిత్తూరును చూసి రావలసి వస్తుంది. కొండ మీది తిరుమలకు 517504 విడిగా ఉంది. తిరుపతి నగరంలోనే ఒకటికి మించి పిన్ కోడ్లు ఉన్నాయి. కాబట్టి ‘తిరుపతి అంటే 517501 కదా’ అని అలవాటుగా రాసెయ్యకుండా, తపాలా శాఖ వెబ్‌సైటులో గాని దగ్గరి పోస్టాఫీసులో గాని సరిచూసుకోవాలి.

జిల్లా పేరు విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది గాని పిన్ కోడ్లు జిల్లాలతో పాటు మారలేదు. తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేటకు నెల్లూరు వైపు 524తో మొదలయ్యే పిన్ కోడే కొనసాగుతోంది. చిత్తూరు నుంచి విడిపోయిన తిరుపతికి 517 అలాగే ఉంది. కనుక జిల్లా పేరు మారిందని పిన్ మార్చకూడదు, జిల్లా పేరును బట్టి పిన్‌ను ఊహించనూ కూడదు. పాత అలవాటు కొద్దీ ‘తిరుపతి, చిత్తూరు జిల్లా’ అని రాసినా పిన్ సరిగ్గా ఉంటే ఉత్తరం చేరుతుంది. అయినా బ్యాంకుల్లోనూ, ప్రభుత్వ దరఖాస్తుల్లోనూ కొత్త జిల్లా పేరే రాయడం మంచిది.

కవరు మీద కుడివైపు పై మూలన తపాలా బిళ్ల అంటించి, కుడివైపు కింది సగంలో గ్రహీత చిరునామా రాయాలి. పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో ఉంటే పల్లెల్లో పోస్టుమ్యాన్‌కు చాలా సులువవుతుంది, ఎందుకంటే ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు సుబ్రమణ్యాలు ఉండడం మన వైపు వింతేమీ కాదు. అద్దెకు ఉండేవారికి రాసేటప్పుడు ఇంటి యజమాని పేరుతో ‘కేరాఫ్’ చేర్చాలి. తరువాతి వరుసల్లో డోరు నంబరు, వీధి, పేట ఉండాలి. అపార్టుమెంటు అయితే అంతస్తు, ఫ్లాటు నంబరు విడిచిపెట్టకూడదు. ‘వేపచెట్టు ఎదురుగా’ వంటి గుర్తులు ఆటో డ్రైవరుకు పనికివచ్చినంతగా పోస్టుమ్యాన్‌కు పనికిరావు. పైగా ఆన్‌లైన్ ఫారాల్లో అక్షరాల పరిమితి ఉంటుంది కాబట్టి, ఆ గుర్తులే చోటంతా ఆక్రమించి అసలు ఊరి పేరును బయటికి నెట్టేస్తాయి.

పల్లెటూరి చిరునామాలో గ్రామం, పోస్టు, మండలం, జిల్లా అన్న నాలుగూ ఉండాలి. వీటిలో ‘పోస్టు’ దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు. అది మండల కేంద్రం పేరు కాదు, ఆ ఊరికి టపా పంచే బ్రాంచి పోస్టాఫీసు పేరు. అది పక్క ఊళ్లో ఉండవచ్చు. పిన్ కూడా ఆ పోస్టాఫీసుదే రాయాలి.

భాష సంగతి కూడా చూసుకోవాలి. రాష్ట్రంలో తిరిగే ఉత్తరం మీద తెలుగులో రాయవచ్చు. చిత్తూరు నుంచి వేలూరు, కుప్పం నుంచి కోలారు కూతవేటు దూరమే అనిపించినా, సరిహద్దు దాటే కవరు మీద కనీసం ఊరు, రాష్ట్రం పేర్లను ఇంగ్లీషులో రాయాలి. తెలుగు చదవలేని చోట పిన్ కోడు ఒక్కటే మన తరఫున మాట్లాడుతుంది.

పంపేవారి చిరునామాను ఎడమవైపు కింద గాని కవరు వెనుక గాని తప్పక రాయాలి. బట్వాడా కాని ఉత్తరం తిరిగి మన చేతికి రావడానికి ఉన్న సులువైన దారి అదే. నా పెళ్లి పత్రికలు తిరిగి వచ్చాయంటే, ఆ ఒక్క పనైనా సరిగ్గా చేసినందువల్లే.

ఇల్లు మారినప్పుడు చేయవలసిన పని ఇంతకంటే ఓపికతో కూడినది. పాత చిరునామాకు టపా పంచే పోస్టాఫీసులో, కొత్త చోటికి మళ్లించమని సంతకంతో దరఖాస్తు ఇవ్వాలి. కొత్త ఇంటి దగ్గరి పోస్టాఫీసులో ఇస్తే లాభం లేదు. అయితే అది తాత్కాలికమైన ఏర్పాటే గనుక, ఈలోగా పంపేవారందరి దగ్గరా చిరునామా మార్పించుకోవాలి. ఆధార్‌లో మార్చితే అన్నిచోట్లా మారిపోతుందన్న నమ్మకంతో నేను కొర్లగుంట నుంచి మారిన ఏడాది నిశ్చింతగా కూర్చున్నాను. నా చెక్కుబుక్కు మాత్రం పాత ఇంటికి వెళ్లి, తాళం చూసి, బ్యాంకుకు తిరిగిపోయింది. ఆధార్, పాన్, ఓటరు కార్డు, బ్యాంకు, బీమా, గ్యాస్ కనెక్షన్‌లలో దేనికది విడిగా మార్చుకోవలసిందే. ముందుగా ఆధార్ మార్చుకుంటే మిగిలిన చాలా చోట్ల దాన్నే రుజువుగా చూపవచ్చు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అది స్పీడ్ పోస్టులో వస్తుంది, గుర్తింపు చూపిన దరఖాస్తుదారు చేతికే ఇస్తారు.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ముఖ్యమైన కాగితాలకు ఇక స్పీడ్ పోస్టే దిక్కు. కవరు మీద గ్రహీత మొబైల్ నంబరు కూడా రాయాలి. ఇంట్లో ఎవరూ లేని వేళ పోస్టుమ్యాన్ వచ్చి వెళ్లినట్టు తెలిస్తే, మళ్లీ వస్తాడులే అని ఎదురుచూడకుండా గుర్తింపు కార్డుతో పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి. సాధారణంగా 7 రోజులు ఉంచి, ఆ తరువాత పంపినవారికి తిప్పి పంపేస్తారు.

అదే ఏడాది తపాలా శాఖ డిజిపిన్‌ను కూడా తెచ్చింది. సుమారు నాలుగు మీటర్ల చదరపు గడికి ఒకటి చొప్పున పది అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తు ఇది. డోరు నంబర్లు లేని కొత్త లేఅవుట్లలో, పొలాల మధ్యనున్న ఇళ్లకు దీన్ని అదనంగా చేర్చుకోవచ్చు. కాని ఇది పిన్ కోడుకు బదులు కాదు, ఆఖరి వరుసలోని ఆ ఆరు అంకెలనూ ఎప్పటిలాగే రాయాలి.