ఇంగ్లీష్ వాక్యంలో ముందు వెర్బ్‌ను పట్టుకోండి
పార్ట్స్ ఆఫ్ స్పీచ్, అంటే భాషాభాగాలు, ఎనిమిదీ బట్టీ పట్టి, తీరా ఒక్క వాక్యం రాయమంటే టెన్షన్ పడే పిల్లలు మా వరంగల్‌లో చాలామందే ఉన్నారు, వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముందు క్రియను, అంటే వెర్బ్‌ను వెతకండి. 'మా అక్క కాజీపేటలో రైలెక్కింది' అంటాం కదా, మనకు క్రియ చివర్న వస్తుంది. ఇంగ్లీష్‌లో 'మై సిస్టర్ బోర్డెడ్ ద ట్రైన్ ఎట్ కాజీపేట'. 'బోర్డెడ్' వచ్చి అక్క పక్కనే కూర్చుంది చూడండి. సిస్టర్, ట్రైన్, కాజీపేట నౌన్లు, అంటే పేర్లు. సిస్టర్ బదులు 'షీ' అంటే ప్రొనౌన్. మన 'లో' ఊరి పేరుకు వెనక అతుక్కుంటుంది, 'ఎట్' మాత్రం ముందు విడిగా నిలబడుతుంది, అదే ప్రిపొజిషన్, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అడ్జెక్టివ్ అంటే గుణం చెప్పే మాట, ఇది సులువు: ఎర్ర బస్సు, రెడ్ బస్. రోజూ ఐదు సొంత వాక్యాలు రాసి వెర్బ్ కింద గీత గీయండి.