వీణ పలకడం లేదా? తీగలు మార్చే ముందు చెక్క, మైనం చూడండి

తిరుపతిలో వీణ మొరాయిస్తే ముందు తీగల మీద అనుమానపడతాం. చాలాసార్లు తప్పు వాటిది కాదు. మే నెల ఎండలకు పనస చెక్క ఎండి కుంచించుకుపోతుంది, నవంబరు ముసురుకు తేమ పీల్చి ఉబ్బుతుంది. తీగను నొక్కి స్వరం పలికించే లోహపు కడ్డీలే మెట్లు, వాటిని పట్టి ఉంచే మైనం అంతకన్నా సున్నితం.

ఒకచోట జర్రుమంటోంది

సారణి తీగను (రాగం వాయించే మొదటి తీగ) 24 మెట్ల మీదా వరసగా నొక్కి మీటుతూ వెళ్లండి. ఒక్క మెట్టు దగ్గరే జర్రుమంటే ఆ మెట్టు కిందికి దిగి ఉంటుంది, లేదా గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెనలాంటి చెక్క) వైపున్న పక్క మెట్టు పైకి లేచి ఉంటుంది. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడడం మాత్రం చాలా ముందే మొదలవుతుంది. అలిపిరి దగ్గర ఎండలో అద్దాలు మూసిన కారులో వీణను వదిలి కొండకు వెళ్లొస్తే, మెట్లు తమ ఇష్టమొచ్చినట్టు కూర్చుంటాయి. ఒకటి రెండైతే పనివాడు మైనం వెచ్చచేసి సర్దుతాడు. ఎక్కువైతే మేళం, అంటే మైనంలో మెట్లన్నీ, మళ్లీ కట్టించాల్సిందే. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ప్రయత్నించకండి, పక్క మెట్లు కూడా కదులుతాయి.

ఏ మెట్టూ నొక్కకుండా మీటినా జర్రుమంటుంటే మెట్లను వదిలేసి గుర్రం చూడండి. దాని మీది లోహపు రేకులో తీగ గాడి కోసి ఉంటుంది, లేదా రేకు అతుకు వదిలి ఉంటుంది. గాడిని అరగదీసి నునుపు చేయించాలి.

శ్రుతి కలిసింది, స్వరాలు కలవడం లేదు

సారణిని 12వ మెట్టు మీద నొక్కితే తారషడ్జమం (పై స్థాయి ‘స’) సరిగ్గా పలకాలి. ఆ ఒక్క మెట్టే తప్పితే మెట్టు జరిగింది. పైకి పోయేకొద్దీ అన్నీ తప్పుతుంటే గుర్రం జరిగింది, తీగలన్నీ ఒకేసారి విప్పినప్పుడు ఇలా అవుతుంది. తారషడ్జమం హెచ్చుగా ఉంటే గుర్రాన్ని మెట్లకు దూరంగా, తగ్గితే దగ్గరగా, వెంట్రుకవాసి జరపండి. కుదిరాక దాని కాళ్ల చుట్టూ పెన్సిలు గీత గీసిపెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి.

బిరడ నిలవదు, లేదా తిరగదు

తీగను బిగించే మర బిరడ. వేసవిలో జారితే దానికి కాస్త సుద్ద, వానల్లో బిగుసుకుంటే పొడి సబ్బు. నూనె మాత్రం వద్దు.

కుండ మీద గీత

వీణకు గుండ్రటి పెద్ద భాగం కుండ, పొడవాటి మెడ దండి. కుండ మీది గీత రెండు చివర్లా సన్నగా పెన్సిలు గుర్తు పెట్టి తేదీ రాసుకోండి. నెల తర్వాత గుర్తు దాటితే అది పగులే, పాకుతోంది. కుండ, దండి వేరుగా చేసి అతికిన వీణలో కీలు దగ్గర గీత కనిపిస్తే అతుకు వదిలినట్టు. ఒకే మానుతో తొలిచే బొబ్బిలి వీణకు ఆ బాధ లేదు, పగుళ్ల భయం ఉంది. పైపైన గమ్ పోస్తే పనివాడికి అది గీకడమే ఎక్కువ పని.

మన ఊళ్లో కొందరు కొత్త దండి ఎర్రచందనంతో చేయించాలని ముచ్చటపడతారు. జపానువాళ్లు తమ మూడు తీగల వాద్యం షామిసెన్ మెడకు దాన్ని వాడే మాట నిజమే. కానీ అది నీళ్లలో మునిగేంత బరువు, ఒళ్లో పట్టుకుని వాయించే వీణకు సరిపడదు. పైగా అనుమతి లేకుండా కొన్నా, తరలించినా కేసే. పనసే అడగండి, అదీ బాగా ఆరిన చెక్క.