ఒకవాంగోలో పెద్దగా పేరులేని లాడ్జిని ఎంచుకోవాలంటే ముందు నీళ్లు చూడండి

ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో ఉన్న ఒకవాంగో డెల్టాలో బస కోసం వెతికితే తిప్పితిప్పి అవే పేర్లు ఎదురవుతాయి: మొంబో, వుంబురా ప్లెయిన్స్, జావో, డూబా ప్లెయిన్స్. మంచివే, కాదనను. అయితే వాటి పక్కనే, అదే నేల మీద, అంతగా పేరు వినపడని క్యాంపులు చాలా ఉన్నాయి. వాటిలో మనకు సరిపడేదాన్ని పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుకే కాబోలు, లాడ్జి వెబ్‌సైటులో స్నానాలతొట్టి ఫొటో ఎంత బాగున్నా నా కళ్లు దాని మీద నిలవవు. అక్కడికి నీళ్లు ఏ నెలలో వస్తాయి, ఏ నెలలో పోతాయి అన్నదే నాకు ముందు కావాలి. ఆ లెక్క తేలితే లాడ్జి సగం తేలినట్టే.

నీటి లెక్క

అంగోలా ఎత్తుభూముల్లో పడిన వాన కుబాంగో, క్విటో నదులుగా దిగి, రెండూ కలిసి నమీబియాలోని సన్నటి పట్టీ దాటి, మొహెంబో దగ్గర బోట్స్వానాలోకి వస్తుంది. ఈ నది సముద్రం ముఖం చూడదు. కలహారి ఇసుక మీద విసనకర్రలా విచ్చుకుని, చాలావరకు ఆవిరై పోతుంది. 250 కిలోమీటర్ల పొడవునా వాలు 60 మీటర్లకు కాస్త అటూఇటూ. కాలువల వాలు లెక్కలు కట్టినవాళ్లకు ఈ అంకె చూడగానే నవ్వొస్తుంది. అంత చదునులో, అదీ తుంగలోనుంచి, నీరు పాకాల్సిందే. జనవరి, ఫిబ్రవరిలో అంగోలాలో కురిసిన వాన డెల్టా అడుగున ఉన్న మౌన్ పట్టణం చేరేసరికి జూలైయో ఆగస్టో అవుతుంది. అంటే డెల్టాలో చినుకు లేని నెలల్లో వరద, అక్కడే వానలు పడే డిసెంబరు, జనవరిలో తగ్గిన నీళ్లు.

లాడ్జిల చిట్టాల్లో ఈ సంగతి కనపడదు. అందరూ ఒకటే రాస్తారు: జీపు, మోటారు బోటు, మొకోరో (గెడతో తోసే దోనె), నడక. కింద చిన్న అక్షరాల్లో ‘నీటిమట్టాన్ని బట్టి’ అని ఉంటుంది. అసలు సంగతంతా ఆ ముక్కలోనే ఉంది. పైన ఉత్తరాన, నది ఒకే పాయగా వచ్చే పాన్‌హ్యాండిల్లోనూ, దాని కింద పాపిరస్ తుంగ పెరిగే చోట్లా నీళ్లు ఏడాదంతా ఉంటాయి. అక్కడ బోటుకు ఢోకా లేదు. సిగ్గరి సితటుంగా జింక, చేపలు పట్టే పెల్స్ గుడ్లగూబ కావాలంటే అటే వెళ్లాలి. సింహాల కోసం మాత్రం కాదు. నడిమి మైదానాల్లో నీళ్లు వచ్చిపోతుంటాయి. తూర్పు అంచున ఖ్వాయ్, గొమొటి వైపు ఎండు నేల ఎక్కువ. ఏనుగులు, చిరుతలు, అడవి కుక్కలు చూడాలనుకునేవాళ్లకు అది మేలు.

ఇంకో చిక్కు, ఏ రెండేళ్లూ ఒకలా ఉండవు. 2019లో వరద మరీ తక్కువొచ్చింది. బాగా వచ్చిన ఏడాది ఇందుకు తలకిందులు: జీపు దారులు మునిగిపోతాయి, క్యాంపు చుట్టూ లంకలు తప్ప ఏమీ మిగలదు, పులకించిపోయే మొకోరో ఫొటోలు వస్తాయి గానీ వేటజంతువుల వెంట తిరగడానికి నేల ఉండదు. వెబ్‌సైటు ఫొటో ఏ ఏడాదిదో ఎవరూ చెప్పరు.

అందుకని నేను ఉపగ్రహ చిత్రాలు చూస్తాను. యూరప్ అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితం. ముందు లాడ్జి ఎయిర్‌స్ట్రిప్ వెతకండి, ఇసుకలో తిన్నటి తెల్లగీతగా దొరుకుతుంది. దాని పక్కన లాడ్జి ఉన్న లంక. ఇప్పుడు మీరు వెళ్లే నెలనే పెట్టుకుని 2019, 2020, 2021... అలా ఏడాదికొక చిత్రం తెరవండి. నల్లగా, ముదురు నీలంగా కనిపించేది నీరు. అది లంక అంచు దాకా ప్రతి ఏడాదీ వస్తోందా, ఒక ఏడాది వచ్చి ఒక ఏడాది మొహం చాటేస్తోందా, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆకుపచ్చగా ఉన్నదంతా గడ్డి అనుకోకండి, దాని కింద మోకాల్లోతు నీళ్లుండొచ్చు. ఈ ఏడాది వరద ఎలా ఉందో తెలియాలంటే మౌన్‌లోని ఒకవాంగో రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే మొహెంబో నీటిమట్టాలు చూడండి.

ఆ తర్వాత లాడ్జికి ఒకే ప్రశ్న రాయండి: ‘గత మూడేళ్లలో ఈ నెలలో మీ మోటారు బోటు నడిచిందా?’ ఒక క్యాంపు మేనేజరు నాకు ఇలా జవాబిచ్చింది: ‘సెప్టెంబరు మూడోవారం తర్వాత బోటు తిరగదు, మొకోరో ఒక్క మడుగులోనే, అదీ అరగంట.’ ఆ జవాబు చూసే అక్కడ బుక్ చేశాను. ‘మా దగ్గర ప్రతి కాలమూ అద్భుతమే’ అన్నవాళ్లకు మళ్లీ రాయలేదు.

పేరు కాదు, నంబరు

డెల్టా ఉన్న ఎన్గమిలాండ్ జిల్లాను కన్సెషన్లుగా, అంటే లీజుకిచ్చే ప్రాంతాలుగా, విడగొట్టి, ఒక్కోదానికి ‘ఎన్‌జి’తో మొదలయ్యే నంబరిచ్చారు. ఈ నంబరు పట్టుకుంటే పేరులేని క్యాంపులు వాటంతటవే బయటపడతాయి. జావో ఉన్నది ఎన్‌జి 25లో. క్వెట్సానీ, జకానా కూడా అందులోవే. వుంబురా ప్లెయిన్స్ ఎన్‌జి 22 అయితే, లిటిల్ వుంబురా అదే కన్సెషన్‌లో ఒక లంక మీది చిన్న క్యాంపు. కనానా, పోమ్ పోమ్ ఎన్‌జి 27ఎ. ఏనుగుల వల్ల పేరొచ్చిన అబూ పక్కన, అదే ఎన్‌జి 26లో, గుర్రాల మీద తిప్పే మకటూ ఉంది. గుర్రం మీద గట్టిగా కూర్చోగలిగినవాళ్లకే అది, ఉత్సాహం ఒక్కటే చాలదు. ఒకే కన్సెషన్‌లో తిరిగే జంతువులకు ఏ క్యాంపు ఖరీదెంతో తెలియదు కదా!

నంబరు తెలిస్తే నియమాలూ తెలుస్తాయి. ‘మొరెమిలో’ ఉన్న లాడ్జి వేరు, ‘మొరెమి పక్కన’ ఉన్నది వేరు. మొరెమి 1963లో బటవానా ప్రజలు తమ సొంత నేల మీద ఏర్పరచుకున్న అభయారణ్యం. అందులో చీకటి పడేసరికి జీపు క్యాంపుకు చేరాలి, దారి దిగకూడదు. ప్రైవేటు కన్సెషన్‌లో రాత్రి తిరగొచ్చు, చిరుత పొదలోకి వెళితే వెంబడించొచ్చు, గైడుతో నడవొచ్చు. గ్రామస్తుల ట్రస్టు చూసుకునే ఖ్వాయ్ కన్సెషన్‌లో ఈ వెసులుబాట్లు ఉన్నాయి గానీ సొంత బండ్లలో వచ్చి గుడారాలు వేసుకునేవాళ్లకూ అక్కడ చోటుంది. చిరుత కనపడితే జీపుల గుంపు ఖాయం.

నోరు తెరిచి అడగాల్సినది ఇంకొకటి: పక్క కన్సెషన్‌లో వేట ఉందా? బోట్స్వానా 2014లో వేటను ఆపి, 2019లో మళ్లీ అనుమతించింది.

గది కన్నా ముందు

ఈ లాడ్జిల్లో గది అంటే చాలాచోట్ల చెక్క వేదిక మీద పెద్ద టెంటు. చుట్టూ కంచె ఉండదు. చీకటి పడ్డాక మనిషి తోడు లేకుండా భోజనానికి కూడా వెళ్లనివ్వరు. కరెంటు ఎక్కువగా సోలారే కాబట్టి నిద్రలో శ్వాస యంత్రం పెట్టుకునేవాళ్లు రాత్రంతా ప్లగ్గులో కరెంటుంటుందా అని ముందే తేల్చుకోవాలి.

మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అందుకని నేను అడిగేవి వేరు: టెంటుకు ఎన్ని మెట్లు, జీపు ఎక్కడానికి చెక్క స్టూలు పెడతారా, మొకోరో ఎక్కేచోట చెక్కబల్ల ఉందా, బురదలో దిగాలా? మొకోరో అంటే దోనె. ఒకప్పుడు చెట్టు మొద్దును తొలిచేవారు, ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాసు. వెనక ఒకతను నిలబడి పొడవాటి గెడతో తోస్తాడు. మనం దాదాపు నీటి మట్టానికి కూర్చుంటాం, కాళ్లు చాపుకుని. కలువాకులు అడుగున రాసుకుంటూ పోతాయి. జమ్ము కాడకు అంటుకున్న గోరంత రంగుల కప్ప ముక్కు ముందు నుంచే వెళ్తుంది. కూర్చోవడం సుఖమే, లేవడమే పని. మా ఆవిడ గెడ పట్టుకుని లేచింది, అతను నవ్వుతూ ఆపి పెట్టాడు. పిల్లలుంటే వయసు నిబంధన చూడండి: మొకోరోకు, నడకకు చాలా క్యాంపులు కనీస వయసు పెడతాయి.

జీపుకు ఎంతమంది అన్నది గది వైశాల్యం కన్నా ముఖ్యం. మూడు వరసల్లో ఆరుగురైతే అందరికీ అంచు సీటు దొరుకుతుంది. మధ్యలో ఇరుక్కుంటే ఎంత గొప్ప లాడ్జిలో దిగి ఏం లాభం?

శాకాహారులమని ఒక్క మాట రాసి ఊరుకోకండి. గుడ్డు, చేప, పాలు ఏవి ఫరవాలేదో విడివిడిగా రాయండి. సరుకులు మౌన్ నుంచి ట్రక్కులోనో విమానంలోనో వస్తాయి, అప్పటికప్పుడు తెప్పించేది ఏమీ ఉండదు.

డబ్బు, విమానం

ధరలు మామూలుగా డాలర్లలో, మనిషికి, రాత్రికి చెబుతారు. సీజన్లో వెయ్యి దాటడం వింతేమీ కాదు. ఒంటరిగా వెళ్తే అదనపు రుసుము ఉందో లేదో అడగండి, చిన్న క్యాంపులు కొన్ని నెలల్లో మాఫీ చేస్తాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఖరీదు. అక్టోబరు ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. నన్నడిగితే మే నెల: వానలు వెనకపడతాయి, ఎగువన వరద నిండుతుంది, ధర ఇంకా ఎక్కదు. గడ్డి పొడవుగా ఉంటుంది కనుక జంతువులు వెతుక్కోవాలి, అంతే.

ఒకే క్యాంపులో అన్నీ కోరుకోవద్దు. నీళ్లున్నచోట మూడు రాత్రులు, ఎండు నేల మీద మూడు రాత్రులు. రెండేసి రాత్రులైతే సగం పొద్దు విమానాలకే సరిపోతుంది. మౌన్ నుంచి చిన్న సెస్నా విమానాలు, ఒక్కో ఎయిర్‌స్ట్రిప్‌లో దిగుతూ ఎగురుతూ వెళ్తాయి. ఏ పూట బయలుదేరేదీ తరచు ముందురోజే తెలుస్తుంది. సామాను చేతిసంచి, కెమెరాతో కలిపి 20 కిలోలు, చక్రాలూ చట్రమూ లేని మెత్తటి సంచిలో. పేరులేని క్యాంపుకు ఆ రోజు మీరొక్కరే ప్రయాణికులైతే రెండు సీట్ల డబ్బు అడగొచ్చు. వరదలో ఎయిర్‌స్ట్రిప్ మునిగితే హెలికాప్టరులో చేరుస్తారు. ఆ ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. టికెట్ వచ్చాక దాని మీది ఎయిర్‌స్ట్రిప్ పేరు, లాడ్జి చెప్పిన పేరు ఒకటేనా అని చూసుకోండి, ఒక్కో కన్సెషన్‌లో రెండుమూడు ఉంటాయి.