కస్టమ్ బైక్ కూర్పు – 7వ పాఠం: ఓపెన్ బెల్ట్ ప్రైమరీ

గత పాఠంలో ప్రైమరీ చెయిన్ (ఇంజిన్ శక్తిని క్లచ్‌కీ, గేర్‌బాక్స్‌కీ అందించేది) నూనెలో తిరిగే పెట్టెను విప్పి చూశాం. ఈసారి ఆ పెట్టె, చెయిన్, నూనె మూడూ తీసేసి పళ్ల బెల్టు వేస్తాం. ఇంజిన్, గేర్‌బాక్స్ ఫ్రేములో విడివిడిగా కూర్చునే హార్లీ-డేవిడ్‌సన్ బిగ్ ట్విన్ తరహా బండ్లకే ఈ పాఠం. రెండూ ఒకే కేసులో ఉండే ఇంజిన్లకు దీనితో పని లేదు.

బెల్టు కొత్త వింతేమీ కాదు. 1980లో హార్లీ కంపెనీయే ఎఫ్‌ఎక్స్‌బీ స్టర్జిస్‌ను ప్రైమరీకీ, వెనక చక్రానికీ బెల్టులతో అమ్మింది. ప్రైమరీ బెల్టు మాత్రం మూత లోపలే ఉండేది. మనం మూత కూడా తీసేస్తున్నాం, తంటా అంతా అక్కడే.

లాభాలు చెప్పుకోవడం తేలిక. కారడానికి నూనె ఉండదు, బరువు తగ్గుతుంది, చల్లటి ఉదయం క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకోవు. చూడ్డానికి బాగుంటుంది, చాలామంది అసలు కారణం ఇదే.

ఇక పోగొట్టుకునేది. లోపలి ప్రైమరీ కేసు నూనె పెట్టె మాత్రమే కాదు, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి పట్టుకునే దూలం కూడా. దాన్ని తీసేస్తే యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ బెల్టు గేర్‌బాక్స్‌ని ముందుకు లాగుతుంది, షాఫ్టులు ఒకదానికొకటి వంకరవుతాయి. అందుకే 3 అంగుళాల వెడల్పు బెల్టుకి మోటార్ ప్లేటు (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి పట్టే లోహపు పలక), మెయిన్ షాఫ్టు (గేర్‌బాక్స్‌లో క్లచ్ కూర్చునే షాఫ్టు) బయటి కొసకి సపోర్ట్ బేరింగు తప్పనిసరి అనుకోండి.

ప్లేటు బిగించే వరస ముఖ్యం. ఇంజిన్‌ని ఫ్రేముకి బిగించి, గేర్‌బాక్స్ కింది బోల్టులు వదులుగా ఉంచండి. ప్లేటును ముందు ఇంజిన్‌కి, తర్వాత గేర్‌బాక్స్‌కి బిగించండి. ఇప్పుడు గేర్‌బాక్స్ కాళ్ల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల పనిముట్టు) దూర్చి చూడండి. సందు ఉంటే అంతే మందం షిమ్ (సందు నింపే లోహపు రేకు) పెట్టాకే కింది బోల్టులు బిగించాలి. షిమ్ లేకుండా బలవంతంగా బిగిస్తే ప్లేటు వంగుతుంది, లేదా గేర్‌బాక్స్ చెవి విరుగుతుంది.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. బెల్టు పుల్లీ అంచును ఒరుసుకోకూడదు. ఒరుసుకుంటే తప్పు రెండు రకాలు. పుల్లీలు ఒకే గీతలో లేకపోతే ఇంజిన్ పుల్లీ వెనక స్పేసరు మార్చాలి. షాఫ్టులే సమాంతరంగా లేకపోతే గేర్‌బాక్స్ కింద షిమ్ మార్చాలి. మొదటిదాని మందు రెండోదానికి పనిచేయదు.

బిగువు దగ్గరే ఎక్కువమంది చెడగొడతారు. చెయిన్ అలవాటుతో బెల్టును బిర్రుగా లాగుతారు. ఇంజిన్ వేడెక్కితే అల్యూమినియం కేసులు, పుల్లీలు పెరిగి బెల్టు ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు ముందు పోయేది బెల్టు కాదు, మెయిన్ షాఫ్టు బేరింగు. చల్లగా ఉన్నప్పుడు పై వరస మధ్యలో వేలితో కిందికీ పైకీ కదిపితే మొత్తం 12 నుంచి 20 మి.మీ. ఆడాలి. కిట్టు కాగితంలో వేరే కొలత ఉంటే దానిదే చెల్లుబాటు. పుల్లీని తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నింటికన్నా బిగువుగా ఉన్న చోటునే లెక్కకు తీసుకోండి. బిగువు కోసం గేర్‌బాక్స్‌ని జరిపితే వెనక చక్రం చెయిన్ కూడా మళ్లీ సరిచూడాలి.

నూనె బెల్టుకీ, పొడి క్లచ్‌కీ శత్రువు. క్రాంక్ షాఫ్ట్ సీలు, మెయిన్ షాఫ్ట్ సీలు రెండూ కొత్తవి వేయండి. ఆయిల్ పంపు నుంచి ప్రైమరీకి నూనె వెళ్లే షవల్‌హెడ్ లాంటి పాత ఇంజిన్లలో ఆ దారిని ప్లగ్గుతో మూసేయాలి. మరిచిపోతే మొదటి రైడులోనే క్లచ్ జారుతుంది.

పళ్ల లెక్క కూడా చూసుకోండి. ఇంజిన్ పుల్లీకి 47, క్లచ్ పుల్లీకి 76 పళ్లుంటే నిష్పత్తి 1.617. తీసేసిన చెయిన్ సెట్టు 25, 37 అయితే 1.48. అంటే అంతకుముందు 2,500 ఆర్‌పీఎం దగ్గర వచ్చే వేగానికి ఇప్పుడు సుమారు 2,730 కావాలి. హైవే ప్రయాణాలకు వెనక చక్రం స్ప్రాకెట్ కూడా మార్చాల్సి రావచ్చు.

బెల్టు తెగితే తెగిన తీరే కారణం చెబుతుంది. అంచు పీచులుగా లేస్తే పుల్లీల వరస తప్పినట్టు. పళ్లు ఊడితే వదులుగా ఉండి జారినట్టు. అడ్డంగా ఫట్టున తెగితే రాయి దూరినట్టు, లేదా స్పేర్ బెల్టును మడిచి సంచిలో కుక్కినందుకు లోపలి తాళ్లు విరిగినట్టు. స్పేరును పెద్ద చుట్టగానే దాచాలి. బూటు లేసు, ప్యాంటు అంచు, వేలు ఇవన్నీ కూడా రాయిలాగే లోపలికి పోతాయి కాబట్టి ఇంజిన్ పుల్లీకి గార్డు లేకుండా రోడ్డెక్కొద్దు. రోజూ వానలో, కంకర దారుల్లో తిరిగే బండికి మాత్రం మూసిన చెయినే మేలు.

బెల్టు మార్చేటప్పుడు క్లచ్ హబ్ నట్టుది ఎడమ మర అని గుర్తుంచుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: 80 కి.మీ. నడిపి, బండి పూర్తిగా చల్లారాక బిగువు మళ్లీ కొలిచి రాసుకోండి. పొడి క్లచ్ సర్దుబాటు ఆ అంకెతోనే మొదలుపెడతాం.