ట్రాం పట్టాలు మార్చేటప్పుడే వీధిని సరిదిద్దడం ఎలా

వీధిలో పరిచిన ట్రాం పట్టాలు తిన్నని దారిలో సుమారు ముప్ఫై ఏళ్లు ఆగుతాయి, మలుపుల్లో చాలా ముందే అరిగిపోతాయి. మార్చే రోజు వచ్చినప్పుడు తారు, కాంక్రీటు, కింది పైపులు అన్నీ ఒకేసారి బయటపడతాయి. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పట్టాల పనినీ, నీళ్లు, గ్యాసు, కరెంటు, మురుగు పైపుల పనినీ ఒకే తవ్వకంలో కలిపి చేయడం మామూలు. వీధి రూపం మార్చడానికీ అదే అదను. కొత్త పట్టాలను పాత చోటే పరిచేస్తే కాలిబాట, సైకిల్ దారి, చెట్లు అన్నీ వాటికి లొంగి మరో తరంపాటు అలాగే ఉండిపోతాయి.

కింది లెక్కలు జ్యూరిక్ కొలతలతో వేసినవి: గేజీ (రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం) 1000 మి.మీ., బండి వెడల్పు 2.4 మీ., కొత్త బండి పొడవు దాదాపు 43 మీ. మీ ఊళ్లో అంకెలు వేరైతే మార్చుకోండి. పనుల వరస మాత్రం మార్చకండి.

ముందు గడపలు కొలవండి

మొదటి పని లెవెళ్ల సర్వే. పట్టాల ఆర్డరు తర్వాత. ప్రతి పది మీటర్లకూ వీధిని అడ్డంగా కొలవాలి. ప్రతి దుకాణం గడప ఎత్తునూ విడిగా రాసుకోవాలి. పట్టా పైమట్టం, గడప, ఈ రెండూ ఖరారయ్యాక మిగతా వాలంతా వాటి మధ్యే సర్దాలి. పట్టా నుంచి అంచుకాలువకు రోడ్డు 2 శాతం దిగాలి, అక్కడి నుంచి కాలిబాట 2 శాతం గడపవైపు ఎక్కాలి. పాత వీధుల్లో తారు మీద తారు వేసుకుంటూ పోవడం వల్ల రోడ్డు గడపకన్నా ఎత్తు అయిపోయి ఉంటుంది. అలాంటి చోట పట్టా మట్టాన్ని 5 నుంచి 10 సెం.మీ. దించండి. ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి ఇప్పుడు అది పెద్ద ఖర్చు కాదు. దించకుండా గోడ వెంబడి సన్న కాలువతో సరిపెడితే, అది ఆకులతో పూడిన మొదటి వానకే నీళ్లు దుకాణంలోకి వస్తాయి.

వెడల్పు పంపకం

గోడకు గోడకు 18 మీ. ఉన్న వీధిని తీసుకుందాం. రానూపోనూ రెండు ట్రాం దారుల నడిగీతల మధ్య 3 మీ., బయటి వైపులకు చెరో 1.25 మీ. కలిపితే ట్రాం స్థలం 5.5 మీ. మిగిలింది 12.5; అంటే ఒక్కో వైపు 6.25 మీ. స్టాపు దగ్గర దీన్ని ప్లాట్‌ఫారానికి 2.5, దాని వెనక సైకిల్ దారికి 1.75, నడిచేవాళ్లకు 2 మీ. చొప్పున పంచవచ్చు. ఇందులో కార్లకు విడి లేను లేదు. పట్టాల మీదే, ట్రాం వెనకే రావాలి. అది ఇష్టం లేనివాళ్లు ఈ దశలోనే చెప్పాలి. హెల్సింకీలోని హామెన్‌తియె వీధిని 2019–2020లో పట్టాలతో సహా తిరిగి కట్టినప్పుడు, ఒక భాగంలో సొంత కార్ల రాకపోకలు ఆపేసి సైకిళ్లకు చోటిచ్చారు. ఇంకా ఇరుకైతే ఆమ్‌స్టర్‌డామ్ లైడ్సెస్ట్రాట్ పద్ధతి ఉంది: రెండు దారులను ఒకదానిలో ఒకటి పెనవేసి, ఒకేసారి ఒక్క బండిని పోనిస్తారు.

సైకిల్‌ను ప్లాట్‌ఫారం వెనక్కి ఎందుకు పంపాలో చిన్న లెక్కతో తేలిపోతుంది. ప్లాట్‌ఫారం అంచు దారి నడిగీతకు 1.25 మీ. దూరంలో ఉంటుంది. అందులో సగం గేజీ 0.5, పట్టా తల సుమారు 6 సెం.మీ. తీసేస్తే, పట్టాకూ 30 సెం.మీ. ఎత్తున్న రాతి అంచుకూ మధ్య 70 సెం.మీ. కూడా మిగలదు. 1435 మి.మీ. గేజీలో అర మీటరూ దక్కదు. పెడల్ రాతికి తగిలితే సైకిల్ చక్రం పట్టా గాడిలోకి జారుతుంది.

స్విట్జర్లాండ్‌లో ఈ ఎత్తు అంచు వెనక చట్టం ఉంది. 2004లో అమల్లోకి వచ్చిన వికలాంగుల సమానత్వ చట్టం స్టాపులు మార్చుకోవడానికి 2023 చివరి దాకా గడువిచ్చింది. చక్రాల కుర్చీ ఎవరి సాయం లేకుండా ఎక్కాలంటే బండికీ అంచుకూ మధ్య సందు 7.5 సెం.మీ., ఎత్తు తేడా 5 సెం.మీ. దాటకూడదు. మలుపులో ఇది కుదరదు. ఇరుసుల జంటల మధ్య దూరాన్ని వర్గం చేసి వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించండి: 10 మీ. దూరానికి, 50 మీ. వ్యాసార్ధంలో బండి నడుము 25 సెం.మీ. లోపలికి జరుగుతుంది. కాబట్టి స్టాపును తిన్నని చోటికి మార్చాలి, లేదా దారినే అక్కడ తిన్నగా చేయాలి. దారిని ఒక మీటరు పక్కకు జరపడానికి 300 మీ. వ్యాసార్ధపు జంట వంపులైతే కనీసం 35 మీ. పొడవు కావాలి; పైన కరెంటు తీగనూ దానితోపాటు జరపాలి. బస్సులూ ఆగే చోటైతే 22 సెం.మీ. అంచు విడిగా ఇవ్వండి. 30 సెం.మీ. రాయి మీదుగా బస్సు మూల తిరగలేదు.

తవ్వాక

పైపులు, మ్యాన్‌హోళ్లు ముందు. మూతలన్నీ ట్రాం స్థలం బయటికి రావాలి. స్లాబు పోసే ముందు ఇంట్లో కరెంటు పైపులు వేసుకున్నట్టే, ఇక్కడా 30, 40 మీటర్లకొకటి చొప్పున పట్టాల కింద ఖాళీ గొట్టాలు అడ్డంగా వేసి, రెండు కొసలూ మూసి, నక్షాలో గుర్తు పెట్టండి. రెండేళ్లకు ఏదో ఒక కేబులు కంపెనీ తప్పకుండా వస్తుంది.

వంద మీటర్ల జంట దారికి 400 మీ. పట్టా, 60ఆర్2 అనే గాడి పట్టా రకమైతే దాదాపు 24 టన్నులు. 25 సెం.మీ. మందంతో 5.5 మీ. వెడల్పు కాంక్రీటు బెడ్డుకు 137.5 ఘనపు మీటర్లు. పట్టాలను బిగింపులతో మట్టానికి నిలబెట్టి, థర్మిట్ వెల్డింగు (కరిగిన ఇనుము పోసి అతికించడం) చేసి, అతుకులు సాన పట్టిన తర్వాతే చుట్టూ రబ్బరు తొడుగు పూర్తి చేయాలి. ఆ తర్వాత, పై కాంక్రీటు పోయకముందే, పట్టాకూ నేలకూ మధ్య విద్యుత్ నిరోధం కొలవండి. బండిని నడిపే 600 వోల్టుల డీసీ కరెంటు పట్టా గుండానే తిరిగి వెళ్తుంది; తొడుగు ఒక్కచోట చిరిగినా మట్టిలోకి దిగి పక్కనున్న ఇనుప పైపులను తినేస్తుంది. ఐరోపాలో దీనికి ఈఎన్ 50122-2 ప్రమాణం ఉంది. పోశాక తప్పు తెలిస్తే మళ్లీ పగలగొట్టడమే.

పట్టా గాడి కూడా ఒక కాలువే, ఈ సంగతి చాలా డిజైన్లలో మరిచిపోతారు. పల్లపు చోట, స్టాపుకు ఎగువన, దారి చీలే ముళ్లకు ముందు గాడి అడుగున చీలిక పెట్టి, పెట్టె ద్వారా మురుగుకు కలపాలి. పెట్టె మూత మనిషి తీయగలిగేలా ఉండాలి, లేకపోతే ఎవరూ ఇసుక తీయరు. పట్టాకు, తారుకు మధ్య సందు మూసే పూత వదిలేస్తే ఆ సందులో నీరు దిగి చలికాలంలో గడ్డకడుతుంది, తారు అంచులు పెళ్లలుగా లేస్తాయి.

సైకిల్ దారి పట్టాలను దాటే చోట కోణం 90 డిగ్రీలకు దగ్గరగా, ఎటుచూసినా 60కి తగ్గకుండా ఉండాలి. గాడి వెడల్పు 36 మి.మీ.; మామూలు టైరు అందులో చక్కగా ఇమిడిపోతుంది. మలుపులో అరుగుదల తగ్గించడానికి గ్రీజు రాసే చోట సైకిల్‌ను అసలు దాటించకండి.

ప్లాట్‌ఫారం అంచురాళ్లు అన్నిటికన్నా చివర. నక్షా చూసి కాదు, పరిచిన పట్టాను చూసి కొలిచి పెట్టాలి. సిమెంటు పూర్తిగా బిగియకముందే, బండి పక్కలకు థర్మోకోల్ దిమ్మలు కట్టి మెల్లగా నడిపించండి. దిమ్మ ఎక్కడ చీరుకుపోతే అక్కడి రాయి జరపాలి.